పై అంతస్తు లేని వార్డు

జైనూర్‌లో కడుతున్న తల్లీబిడ్డల వార్డుకు ఎనిమిది టన్నుల ఏసీ చాలని స్వరూప రిపోర్టు ఇచ్చింది. పదకొండో రోజున అక్కడ పని చేయిస్తున్న ఫోర్‌మన్ కొండల్ ఫోన్ చేసి, అది చాలదన్నాడు.

స్వరూపకు ఇరవై తొమ్మిదేళ్లు. గోదావరిఖనిలో పుట్టి పెరిగింది. కరీంనగర్‌లో ప్రేమ్‌సాగర్ నడిపే చిన్న ఇంజినీరింగ్ ఆఫీసులో ఐదేళ్లుగా పనిచేస్తోంది. కట్టబోయే భవనాన్ని ముందే కంప్యూటర్‌లో కట్టి చూసే సాఫ్ట్‌వేర్ ఒకటుంది. గోడలు దేనితో కడతారు, కిటికీలు ఎటువైపు, లోపల ఎందరుంటారు, ఆ ఊళ్లో ఏ నెలలో ఎంత ఎండ కాస్తుంది, ఇవన్నీ చెబితే ఏడాదిలో ప్రతి గంటకూ లోపల ఎంత వేడి పుడుతుందో, దాన్ని తీసెయ్యడానికి ఎంత ఏసీ కావాలో లెక్క కడుతుంది. ఆఫీసులో ఆ సాఫ్ట్‌వేర్ లోతుపాతులు తెలిసింది స్వరూప ఒక్కదానికే. ఆమె అంకె ఇచ్చిందంటే ప్రేమ్‌సాగర్ ఇంకో మాట లేకుండా సంతకం పెట్టేవాడు.

కొండల్‌ది చొప్పదండి. పదహారేళ్లు దోహాలో ఏసీ మెకానిక్‌గా చేసి తిరిగొచ్చి, కాంట్రాక్టర్ దగ్గర కుదిరాడు. పదహారు వందల చదరపుటడుగుల వార్డుకు, ఈ ఎండలకు, పద్నాలుగు టన్నులకు తగ్గితే పనికాదని అతని వాదన. వేళ్ల మీద వేసే లెక్క ఎప్పుడూ ఎక్కువే చూపిస్తుందని స్వరూప ఓపిగ్గా చెప్పింది. పెద్ద మెషిన్ పెట్టి కరెంటు తగలేసే రోజులు పోయాయని కూడా అంది. అతను అంతా విన్నాడు.

"మీ కాగితం మీద నాకేం కోపం లేదు మేడం," అన్నాడు చివరికి. "ఒక్కసారి గీడికొచ్చి పగటీలి మూడింటికి గా గదిల నిలబడున్రి. తర్వాత మీరేం రాస్తె గదే పెడ్త."

ఎనిమిదికి దగ్గరగా బజారులో దొరికేది ఎనిమిదిన్నర టన్నుల మెషిన్. సోమవారం దానికి ఆర్డరు వెళ్లాల్సి ఉంది. ఫోన్ వచ్చింది గురువారం. ఆ మాటను స్వరూప వదిలెయ్యలేకపోయింది. శుక్రవారం తెల్లవారుజామునే లక్సెట్టిపేట బస్సెక్కి, అక్కడ మారి, జన్నారం అడవి దాటి, ఉట్నూర్‌లో ఇంకో బస్సు పట్టుకుని ఒంటిగంటకు జైనూర్‌లో దిగింది. ఏప్రిల్ మూడో వారం. నీడలోనే నలభై మూడు డిగ్రీలుంది.

వార్డు కట్టిస్తున్నది ఒక ట్రస్టు. గూడేల నుంచి కాన్పుకు వచ్చే ఆడవాళ్లు ఇప్పటిదాకా పక్కనున్న పాత రేకుల హాల్లోనే పడుకుంటున్నారు. ఆ హాలును చూసుకునే నర్సు వినోద స్వరూపకు మంచినీళ్లిచ్చి, లోపలికి తీసుకెళ్లి చూపించింది. కిటికీలకు తడిపిన చీరలు కట్టి ఉన్నాయి. పోయినేడు మే నెలలో పుట్టి మూడు రోజులైనా కాని పిల్లలకు ఎండకే జ్వరం వచ్చేదని, మంచాలను రోజుకు రెండుసార్లు ఎండ పడని వైపుకు జరిపేవాళ్లమని వినోద చెప్పింది. కొత్త వార్డు ఎప్పుడు తయారవుతుందని అడిగింది. జూన్‌కల్లా అని స్వరూప చెప్పింది.

మూడింటికి ఆమె కొత్త వార్డులో నిలబడింది. తలుపులు మూసి ఉన్నాయి. గాలి కదలడం లేదు. కానీ ఉక్క కన్నా ముందు ఆమెకు తెలిసింది నెత్తి మీది సెగ. పొయ్యి మీద పెట్టిన పెనం కింద నిలబడ్డట్టుంది. సంచిలోంచి వేడి కొలిచే పరికరం తీసి గోడకు గురిపెట్టింది. ముప్పై ఎనిమిది. నేల ముప్పై నాలుగు. స్లాబు అడుగు నలభై ఏడు.

ఆమె మోడల్‌లో ఆ గంటకు స్లాబు అడుగు ఇరవై ఎనిమిది.

నిచ్చెనేసుకుని పైకెక్కింది. పైన ఏమీ లేదు. బోడి కాంక్రీటు, ఒకప్పుడు వెయ్యాలనుకున్న అంతస్తు కోసం వదిలిన స్తంభాల ఇనుప చువ్వలు, వాటి మీద నేరుగా ఎండ. మొదటి అంతస్తును మానుకున్నట్టు ఆర్కిటెక్ట్ ఆఫీసు ఫిబ్రవరిలోనే మెయిల్ పంపింది. స్వరూపకు అది గుర్తుంది. కింది ప్లానులో మార్పేమీ లేదని మొదటి వరుసలో ఉంటే, జతచేసిన డ్రాయింగు తెరవకుండానే పక్కన పెట్టేసింది. ఆమె మోడల్‌లో వార్డు నెత్తిన ఇంకో చల్లటి గది ఉంది. అక్కడి నుంచి కిందికి వేడి దిగదని సాఫ్ట్‌వేర్‌కు చెప్పింది తనే. అది చెప్పినట్టే నమ్మి, చెప్పినట్టే లెక్క వేసింది.

కింద కొండల్ ఎదురుచూస్తున్నాడు. నిచ్చెన దిగుతున్నప్పుడు ఆమె మొహం మండిపోతోంది, అది ఒక్క ఎండకు కాదు. ఫిబ్రవరి నుంచి ఎవరూ పట్టుకోని తప్పు అది. ఈ మనిషి రమ్మనకపోతే వచ్చే ఏడు మే నెలలో పిల్లల తల్లులు పట్టుకునేవాళ్లు.

"తప్పు నాదే అన్నా," అంది. "పైన ఇంకో అంతస్తు ఉన్నదనుకొని లెక్క తీసిన."

కొండల్ మొహంలో గెలిచినట్టేమీ కనబడలేదు. అయితే పద్నాలుగు రాసెయ్యండి, పని అయిపోతుందన్నాడు. రాస్తానని గానీ రాయనని గానీ ఆమె అనలేదు. లెక్క సరిచేసి సోమవారం చెబుతానంది.

శనివారం ఆఫీసులో కూర్చుని మోడల్‌లోంచి పై గదిని తీసేసింది. స్లాబును ఎండకు విడిచిపెట్టింది. ఇక అసలు అంకె వచ్చేస్తుందనుకుంది. రాలేదు. ఏడాదిలో తొమ్మిది వందల గంటలు వార్డు చల్లబడడం లేదని సాఫ్ట్‌వేర్ చూపించింది. సరే, మెషిన్ చిన్నదని పన్నెండు టన్నులు పెట్టింది. తొమ్మిది వందల గంటలే. పద్నాలుగు పెట్టింది, ఇరవై పెట్టింది, ఒళ్లు మండి ముప్పై పెట్టింది. ఒక్క గంట కూడా తగ్గలేదు.

ప్రేమ్‌సాగర్ ఆమె వెనక నిలబడి చూశాడు. మెషిన్ ఆర్డరు ఆపించింది అతనే. అందుకు ఆమెను పల్లెత్తు మాట అనలేదు. కానీ ఇప్పుడు అతనికి పని ముగియడం కావాలి. కొత్త డ్రాయింగు వచ్చింది కాబట్టి రిపోర్టు మార్చామని రాసి, కొండల్ చెప్పిన పద్నాలుగు వేసి పంపమన్నాడు. ఎలాగూ అనుభవమున్న మనిషి చెప్పిన అంకేనన్నాడు.

"డ్రాయింగ్ ఫిబ్రవరిల వచ్చింది సార్, నేనే చూడలే," అంది స్వరూప. "ముప్పై టన్నులు పెట్టినా సల్లవడని గది లోకంల ఉండదు. అంటె లెక్కల ఇంకో తప్పున్నది. అది దొరకకుంట ఏ అంకె రాసినా అంచనానే అయితది. నాలుగు రోజులియ్యున్రి."

ప్రేమ్‌సాగర్ కాసేపు గోడనున్న క్యాలెండర్ చూసి, బుధవారం దాకా అని వెళ్లిపోయాడు.

ఆదివారం ఆమె ఇంటికి పోయింది. వాళ్ల బాపు గట్టయ్య ముప్పై నాలుగేళ్లు బొగ్గుబావిలో పనిచేసి దిగిపోయినవాడు. అందులో చివరి పన్నెండేళ్లు గాలి చూసే ముఠాలో ఉన్నాడు. పైన తిరిగే పెద్ద ఫ్యాను గాలి బావి లోపల బొగ్గు కొట్టేచోటి దాకా అందుతుందా లేదా కొలిచి చూడడం ఆ ముఠా పని. కంప్యూటర్ సంగతి ఆయనకు తెలియదు. బిడ్డ అన్నం కలుపుతూ తినకుండా కూర్చుంటే ఏమైందని అడిగాడు. ఆమె చెప్పింది. మెషిన్ ఎంత పెద్దది పెట్టినా గది చల్లబడడం లేదు, నిన్నటి నుంచి గదిలోనే వెతుకుతున్నానంది.

"గాలి అందని కాడ నిలవడి ఎతికితె దొరకది బిడ్డా," అన్నాడు గట్టయ్య. "ఫ్యాను మూతికాడికెల్లి మొదలువెట్టి, నడుమ ఒక్కొక్క తలుపు చూసుకుంట రావాలె. ఏ తలుపు కాడ గాలి తగ్గుతదో గదే దొంగ."

ఆ మాట ఆమె చదువులో లేనిదేమీ కాదు. కానీ తొందరలో మరిచిపోయింది. సోమవారం పొద్దున ఆఫీసుకు రాగానే పాత మోడల్‌ను పక్కన పెట్టి, ఖాళీ డబ్బా లాంటి ఒక్క గదితో మొదలుపెట్టింది. నాలుగు గోడలు, పైన ఎండకు కాలే స్లాబు, అంతే. మనుషుల్లేరు, లైట్లు లేవు, కిటికీల్లేవు. ఏసీ కూడా సాఫ్ట్‌వేర్ తనంతట తను ఊహించుకునేది. నడిపింది. చల్లబడింది. కిటికీలు చేర్చి నడిపింది. చల్లబడింది. తర్వాత ఎనిమిది మంచాలు, తల్లులు, వాళ్ల వెంట వచ్చేవాళ్లు. ఆ తర్వాత లైట్లు, పిల్లల్ని వెచ్చగా పెట్టే దీపాల బల్లలు, బయటి నుంచి లోపలికి తీసుకునే మంచి గాలి. ఒక్కోసారి ఒక్కటే మార్పు. మార్చినప్పుడల్లా ఆరు నిమిషాలు ఆగాలి. వచ్చిన అంకెను కాగితం మీద రాసుకుని గానీ ఇంకోటి ముట్టుకోలేదు. మధ్యలో రెండుసార్లు కరెంటు పోయింది. రెండుసార్లూ మళ్లీ మొదలుపెట్టింది.

మంగళవారం మధ్యాహ్నం పద్నాలుగో మార్పు దగ్గర దొంగ దొరికాడు. పాత మోడల్‌లోంచి అసలు ఏసీని తెచ్చి పెట్టగానే తొమ్మిది వందల గంటలు తిరిగొచ్చాయి. ఇక వెతకాల్సింది ఆ ఏసీ వివరాల్లోనే. ఒక్కో వరుస చదువుతూ పోతే, గదిలోకి ఊదే గాలి ఎంతన్న చోట నిమిషానికి మూడు వేల రెండు వందల ఘనపుటడుగులని రాసి ఉంది. ఎనిమిది టన్నులు ఖాయం చేసిన రోజున గాలి గొట్టాల కొలతల కోసం ఆమే చేత్తో రాసింది. తర్వాత మెషిన్‌ను ఎన్ని టన్నులకు పెంచినా గదిలోకి వచ్చే గాలి పాత కొలత దగ్గరే ఆగిపోయింది. మిద్దె మీద ఎంత పెద్ద ట్యాంకు కడితే ఏం లాభం, కింద నల్లా అదే అయినప్పుడు.

ఆ అంకె చెరిపేసి, గాలిని కూడా సాఫ్ట్‌వేర్‌నే లెక్క తీసుకోమంది. తొమ్మిది వందల గంటలు పదకొండుకు పడిపోయాయి. మెషిన్ పన్నెండు టన్నులు.

చెప్పినదానికి ఒక రోజు ఆలస్యంగా కొండల్‌కు ఫోన్ చేసింది. పన్నెండుకూ పద్నాలుగుకూ పెద్ద తేడా ఏముంది, పద్నాలుగే వేసుకుంటే ఫికర్ ఉండదన్నాడతను. అవసరానికి మించిన ఏసీ పెట్టిన చోట వానాకాలం ఏమవుతుందో ఎప్పుడైనా చూశావా అన్నా అని ఆమె అడిగింది. కొండల్ దోహాలో ఒక సేటు బంగళా సంగతి చెప్పాడు. గొప్పకు పోయి రెండింతల మెషిన్ పెట్టించుకున్నాడట. అది ఐదు నిమిషాల్లో గదిని చల్లబరిచి ఆగిపోయేది. గాలిలో తేమ మాత్రం అట్లాగే ఉండేది. ఏడాది తిరిగేసరికి అల్మారాల్లో బట్టలకు బూజు పట్టింది. గోడలు పచ్చగా మారాయి.

"పసిపోరలున్న కాడ గట్ల కావద్దు," అన్నాడు తనే.

ఇంకో చిక్కు కూడా ఉంది. ట్రస్టు అప్పటికే జనరేటర్ తెచ్చి దింపింది. అది ఎనిమిదిన్నర టన్నుల మెషిన్‌కు సరిపోయేది. జైనూర్‌లో వేసవి గాలివానకు కరెంటు పోతే ఎప్పుడొస్తుందో చెప్పలేరు. పన్నెండు టన్నుల మెషిన్ దాని మీద లేవదు. మెషిన్‌ను పెంచడం కాదు, వేడినే పైన ఆపాలని స్వరూపకు తోచింది. స్లాబు మీద గట్టి ఫోమ్ బోర్డులు పరిచి, వాటి మీద సిమెంటు వేసి, పగిలిన తెల్ల టైల్స్ ముక్కలు అతికిస్తే ఎట్లా ఉంటుందో మోడల్‌లో చూసింది. పన్నెండు టన్నులు తొమ్మిదికి దిగింది. ఐదున్నర టన్నులవి రెండు పెట్టొచ్చు. వానాకాలం ఒకటే నడుస్తుంది. ఒకటి చెడిపోతే ఇంకోటి ఉంటుంది. కరెంటు పోయినా జనరేటర్ మీద ఒకటి నడిచి పసిపిల్లలున్న వార్డును కాపాడుతుంది.

బుధవారం ఆమె ట్రస్టు కార్యదర్శికి ఉత్తరం రాసింది. ఫిబ్రవరి మెయిల్ సంగతి, పై అంతస్తు సంగతి, గాలి అంకె సంగతి, ఏదీ దాచలేదు. ప్రేమ్‌సాగర్ దాన్ని రెండుసార్లు చదివాడు. ఇట్లా రాస్తే తర్వాతి పని మనకు రాదన్నాడు. రాకపోవచ్చని ఆమె ఒప్పుకుంది. అతను పెన్ను తీసి 'క్షమించరాని' అనే మాటను కొట్టేశాడు. తప్పు అంటే చాలు, అంత అక్కర్లేదని గొణిగి, ఆమె సంతకం కింద తన సంతకం పెట్టాడు.

కార్యదర్శి సదానందం రిటైరైన హెడ్మాస్టరు. రెండు రోజుల తర్వాత స్వయంగా కరీంనగర్ వచ్చాడు. కోప్పడలేదు. అది ఇంకా కష్టంగా ఉంది. పాత రిపోర్టునూ కొత్త ఉత్తరాన్నీ బల్ల మీద పక్కపక్కన పెట్టి, కళ్లద్దాలు సర్దుకున్నాడు.

"ఇదీ నీ సంతకమే, గదీ నీ సంతకమే," అన్నాడు. "మొదటిది నమ్మిన. రెండోది ఎందుకు నమ్మాల్నో చెప్పమ్మా."

స్వరూప దీని గురించి ముందే ఆలోచించింది. నమ్మొద్దు సార్, కొలిచి చూడండి అంది. వార్డు రెండు చివర్లా ఒకే కొలత గదులు రెండున్నాయి. ఒకదాని మీద మాత్రమే బోర్డులూ తెల్ల ముక్కలూ వేయిద్దాం. వారం రోజులు సాయంత్రం నాలుగింటికి రెండు గదుల స్లాబు అడుగు ఎంతుందో కొలుద్దాం. నలభై మూడు డిగ్రీల ఎండకు ఉత్త స్లాబు నలభై ఆరు, కప్పిన స్లాబు ముప్పై ఐదు ఉంటాయని నా లెక్క. ఆ రెండు అంకెలూ ఇప్పుడే రాసిస్తాను, కొలత మీ మనుషులే తియ్యండి. తప్పయితే ఈ పని ఇంకెవరికైనా ఇవ్వండి.

సదానందం ఆ అంకెలు ఆమె చేతనే రాయించుకుని జేబులో పెట్టుకున్నాడు.

కొండల్ మూడు రోజుల్లో ఆ ముక్క పని చేయించాడు. కొలిచే బాధ్యత వినోద తీసుకుంది. వారం రోజులు స్వరూప జైనూర్ వైపు వెళ్లలేదు. వెళితే కొలత మీద తన చెయ్యి పడిందంటారని ఆగింది. ఆఫీసులో వేరే పనులు చేసింది. నాలుగు దాటగానే ఫోన్ వైపు చూడకుండా ఉండడం మాత్రం చేతకాలేదు.

ఎనిమిదో రోజు వినోద నోట్‌బుక్కు పేజీ ఫొటో తీసి పంపింది. ఉత్త స్లాబు నలభై ఐదు నుంచి నలభై ఏడు మధ్యలో ఉంది. కప్పిన స్లాబు ఆరు రోజులు ముప్పై ఐదూ ముప్పై ఆరూ. నాలుగో రోజు మాత్రం నలభై ఒకటి. దాని పక్కనే వినోద రాసింది: ఆ రోజు కాన్పులో ఉన్నాను, మా హాలు ఆయమ్మ తీసింది, ఎక్కడ నిలబడి తీసిందో తెలియదు. కప్పిన చోటి అంచు దగ్గర తీసి ఉంటుందని స్వరూప అనుకుంది. అయినా ఆ అంకెను తియ్యలేదు. వినోద రాసిన మాటతో సహా సదానందానికి పంపింది.

ఆయన సాయంత్రం ఫోన్ చేశాడు. జేబులోని కాగితం ముందర పెట్టుకుని చూశానన్నాడు. ఆ నాలుగో రోజు అంకె కొట్టెయ్యనందుకే మిగతావి నమ్మబుద్ధయిందని, స్లాబు మొత్తం కప్పించమని కొండల్‌కు చెప్పానని అన్నాడు. ఫోన్ పెట్టేశాక స్వరూప గాలి గొట్టాల డ్రాయింగు కొత్త కొలతలతో గీయడం మొదలుపెట్టింది.

పని జూన్‌కు కాలేదు. బోర్డులు రావడం ఆలస్యమై, ముసురు పట్టి, టైల్స్ ముక్కలు అతికించే పని పది రోజులు ఆగింది. జులై మొదటి వారంలో వార్డు తెరిచారు. జూన్ నెలంతా కూడా తల్లులు రేకుల హాల్లోనే గడిపారు. ఆ మాట స్వరూపకు ఎవరూ అనలేదు. ఆమే తనకు తాను చాలాసార్లు అనుకుంది. ట్రస్టు ఆసిఫాబాద్‌లో కట్టబోయే హాస్టల్ పని హైదరాబాద్ వాళ్లకు పోయింది. ప్రేమ్‌సాగర్ నెలరోజులు ముభావంగా ఉన్నాడు. ఆ తర్వాత ఆఫీసులో ఒక పద్ధతి పెట్టాడు. లెక్క తీసిన మనిషి స్థలానికి పోయి కళ్లతో చూసొచ్చే దాకా అతను ఏ రిపోర్టు మీదా సంతకం పెట్టడు.

తర్వాతి మే నెలలో, నలభై నాలుగు డిగ్రీలు దాటిన రోజు చూసుకుని స్వరూప జైనూర్ పోయింది. కొండల్ అప్పటికే వచ్చి ఉన్నాడు. మూడింటికి వార్డులో ఇరవై ఆరు డిగ్రీలుంది. ఎనిమిది మంచాలూ నిండి ఉన్నాయి. పడమటి కిటికీ పక్క మంచం దగ్గర మాత్రం ఇరవై ఎనిమిది చూపించింది. అక్కడ బయట ఎండ ఆపే చిన్న చజ్జా వెయ్యాలని రాసుకుంది.

మూడో మంచం మీది తల్లి మార్లవాయి వైపు గూడెం నుంచి వచ్చింది. నాలుగు రోజుల ఆడపిల్ల. ఆమె గోండిలో ఏదో చెబితే వినోద నవ్వింది. పిల్లకు చలి పెడుతోందట, ఈ గాలి ఆపమంటోందట. పోయిన వేసవిలో చీరలు తడిపి తడిపి చేతులు పడిపోయిన మనిషికి ఆ ఫిర్యాదు వింతగానే ఉంది.

స్వరూప నవ్వలేదు. మంచం పక్కన మోకాళ్ల మీద కూర్చుని, గాలి వేడి కొలిచే పరికరాన్ని పిల్ల తల ఎత్తులో పట్టుకుంది. ఇరవై మూడున్నర. పైన గాలి వచ్చే జాలీ రెక్కలు నేరుగా ఆ మంచం మీదికే తిరిగి ఉన్నాయి.

"అన్నా, గిది జర గోడ దిక్కు తిప్పు," అంది.

కొండల్ స్టూలెక్కి రెక్కల్ని ఒక్కొక్కటే వంచాడు. ఆమె అట్లాగే కూర్చుని పరికరం వైపు చూస్తోంది. అంకె మెల్లగా ఎక్కి ఇరవై ఐదున్నర దగ్గర ఆగింది. పది నిమిషాలు చూసింది, కదల్లేదు. తల్లి పిల్ల మీది దుప్పటి కొద్దిగా తీసి, రొమ్ముకు పట్టింది. స్వరూప లేచి, మోకాళ్లు దులుపుకుని, నాలుగో మంచం దగ్గరికి నడిచింది.